ఒకే కప్పు కింద మూడు కాలాలు: భీమునిపట్నంలోని ఒక పాత మేడ వయసు తేల్చిన తీరు

భీమునిపట్నంలో పాత రేవుకు చేరువగా ఉన్న ఒక మేడ ఇంటి చరిత్రను నిర్ధారించి, ఆ చరిత్రకు తగిన మరమ్మతు పద్ధతిని సూచించమని ఇంటి వారసులు మా బృందాన్ని కోరారు. ఊళ్ళో అందరూ దానిని డచ్ బంగళా అంటారు. పదిహేడో శతాబ్దంలో డచ్ వర్తకులు తమ అధికారి నివాసం కోసం దానిని కట్టించారని ఇంటివారి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎలా పరీక్షించామో, ఏ ఆధారానికి ఎంత విలువ ఇచ్చామో, దాన్నిబట్టి ఏ గోడకు ఏ మరమ్మతు నిర్ణయించామో ఈ నివేదికలో వివరిస్తున్నాను. కుటుంబం కోరిక మేరకు ఇంటి ఆనవాళ్ళు, పేర్లు ఇవ్వడం లేదు.

మొదటి నుంచీ మేము పట్టుకున్న సూత్రం ఒకటే. పాత ఇంటికి ఒక వయసు ఉండదు, దాని భాగాలకు ఉంటుంది. పునాది ఒక తరానిది, మేడ మరొక తరానిది, వసారా కప్పు ఏదో ఒక తుపాను తరువాతిది కావచ్చు. "ఈ ఇల్లు ఎప్పటిది" అన్న ప్రశ్నకు ఒక్క సంవత్సరం జవాబుగా చెప్పేవారు సాధారణంగా అన్నిటికంటే పాత భాగం వయసునో, అన్నిటికంటే ఆకర్షణీయమైన కథ వయసునో చెబుతుంటారు. మరమ్మతుకు ఆ జవాబు పనికిరాదు, ఎందుకంటే సున్నం పూయవలసిన గోడ ఏది, సిమెంటు తొలగించవలసిన గోడ ఏది, ముట్టుకోకుండా వదిలేయవలసినది ఏది అన్నది గోడగోడకూ మారుతుంది.

ఊరి చరిత్ర ఇచ్చిన హద్దులు

గోడల దగ్గరకు వెళ్ళే ముందు, ఊరి చరిత్రలో ఏ కాలంలో ఎవరికి ఇక్కడ పెద్ద కట్టుబడి చేసే శక్తి, అవసరం ఉన్నాయో ఆలోచించాము. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ కొద్ది ఏళ్ళలోనే మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో వర్తకస్థానాలు పెట్టుకుంది. 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట వెలిసింది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఉత్తర తీరంలో భీమునిపట్నం కూడా అదే శతాబ్దంలో ఆ రేవుల గొలుసులో చేరింది. ఊళ్ళోని పాత యూరోపియన్ సమాధులు అందుకు రాతి సాక్ష్యం.

అయితే ఆ వైభవం ఎక్కడ తెగిపోయిందో గమనించడం మా పనికి ఎక్కువ ఉపయోగపడింది. 1780ల తొలినాళ్ళలో ఒకసారి, 1795లో మరొకసారి కోరమండల్ తీరంలోని డచ్ స్థావరాలను ఇంగ్లీషువారు ఆక్రమించారు. 1799లో డచ్ కంపెనీయే రద్దయింది. స్థావరాలు 1818లో డచ్ ప్రభుత్వానికి తిరిగి దక్కినా, 1824 మార్చి 17 నాటి ఒప్పందం ప్రకారం మరుసటి ఏడే అన్నీ ఇంగ్లీషువారి పరమయ్యాయి. 1795 తరువాత డచ్ వారు ఈ తీరంలో ఖర్చు పెట్టి మేడ కట్టే స్థితిలో లేరనే చెప్పాలి. ఇంటిని డచ్ కట్టడమనాలంటే దాని ప్రధాన గోడలు దాదాపు 1795కు ముందువై ఉండాలి. ఊళ్ళో ప్రచారంలో ఉన్న కథకు మేము పెట్టిన మొదటి పరీక్ష ఇదే.

ఇంకోవైపు, ఊరి రెండో వైభవం పందొమ్మిదో శతాబ్దానిది. నువ్వులు, గోగునార, కరక్కాయలు ఇక్కడి నుంచి ఓడలెక్కేవి. తోళ్ళ పరిశ్రమకు కావలసిన కరక్కాయల్లో ఒక రకానికి విదేశీ బజారులో ఈ ఊరి పేరే స్థిరపడింది, గోగునారను కూడా బిమ్లీపటం జనపనార అనేవారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు కలకత్తా, రంగూన్ దారుల్లో ఈ రేవు దగ్గర ఆగేవి. వర్తక సంస్థల ఏజెంట్లకు కింద సరుకు నిలువకు చోటు, పైన గాలివాటమైన నివాసం కావలసివచ్చిన కాలం అది. ఆ తరువాత రైలు మార్గం సముద్రాన్ని వదిలి విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖపట్నం రేవు తెరుచుకున్నాక ఇక్కడి వర్తకం సన్నగిల్లింది. డబ్బు వెళ్ళిపోవడం వల్లే ఈ ఇళ్ళు మనకు మిగిలాయన్నది నా అభిప్రాయం. సంపద నిలిచిన రేవుల్లో పాత మేడలను పడగొట్టి కొత్తవి కట్టుకున్నారు.

కాగితాలు

ఈ తీరంలో ఇళ్ళకు సంబంధించిన కాగితాల వరుస సాధారణంగా రిజిస్ట్రేషన్ చట్టాలతో, అంటే 1860ల నుంచి మొదలవుతుంది. అంతకు ముందరి డచ్ కంపెనీ రికార్డులు ప్రధానంగా హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లోనూ, కొంత భాగం చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. వాటిలో కంపెనీ ఆస్తుల ప్రస్తావన ఉంటుంది గాని, ఇవాళ్టి సర్వే నంబరుతో జతచేయగల ఒక్కో ఇంటి వివరం దొరకడం అరుదు. అందుచేత ఎక్కువ శ్రమను స్థానిక దస్తావేజుల మీదే పెట్టాము.

ఇక్కడ పని నేర్చుకునేవారికి ఒక మాట చెప్పాలి. ఇంటి సొంత దస్తావేజు కంటే ఇరుగుపొరుగు దస్తావేజుల్లోని చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, చాలాసార్లు ఎక్కువ నిజం చెబుతుంది. అమ్మేవాడు తన ఆస్తిని పెంచి రాసుకోవచ్చు గాని, పక్కవాడి గోడను హద్దుగా రాసేటప్పుడు అది ఎలా ఉందో అలాగే రాస్తాడు, ఎందుకంటే తగవు వస్తే నిలబడవలసింది ఆ మాటే. మా మేడకు దక్షిణంగా ఉన్న స్థలానికి చెందిన, పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల నాటి ఒక అమ్మకపు దస్తావేజులో ఉత్తరపు హద్దుగా "పాత గిడ్డంగి గోడ" అని ఉంది. మేడను అందులో వేరుగా పేర్కొన్నారు. అంటే ఆ కాలపు మనుషులకే ఆ గోడ, మేడ రెండూ వేర్వేరు కట్టడాలుగా కనిపించాయి, గోడ అప్పటికే పాతదిగా లెక్క. ఆ ఒక్క వాక్యం మా తరువాతి పనికంతటికీ దిక్కు చూపింది.

ఇటుక, సున్నం

ఇంటి దక్షిణపు గోడ పైపూత కొన్ని చోట్ల ఎప్పుడో రాలిపోయింది. కొత్తగా గోడ చెక్కకుండా, రాలిన చోట్ల మాత్రమే కొలతలు తీసుకున్నాము. అక్కడి ఇటుక పల్చనిది, మందం అంగుళంన్నరకు అటూఇటూ ఉంది. కొలతలు ఇటుకకూ ఇటుకకూ మారుతున్నాయి. వరుసల మధ్య సున్నం దాదాపు ఇటుకలో సగం మందాన ఉంది. మేడ ముందుభాగంలోని గోడలు ఇందుకు పూర్తిగా భిన్నం. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడుకు దగ్గర మందం ఉన్న ఇటుకలను ఒక వరుస పొడవుగా, ఒక వరుస అడ్డంగా మార్చి మార్చి పేర్చారు. ఇంగ్లీషు ఇంజనీరింగు ప్రభావం స్థిరపడ్డాక ఈ పేర్పు, ఈ కొలత మన తీరంలో సాధారణమయ్యాయి.

పల్చని ఇటుక కనబడగానే గోడ పాతదని తేల్చడం తొందరపాటు. పడిపోయిన కట్టడాల ఇటుకను మళ్ళీ వాడుకోవడం ప్రతి ఊళ్ళోనూ ఉన్నదే, పాత కోట శిథిలాలున్న రేవు పట్టణంలో మరీనూ. మళ్ళీ వాడిన ఇటుకను గుర్తుపట్టడానికి మేము రెండు సంగతులు చూస్తాము. మొదటిది, విరిగిన అంచులు, సగం ముక్కలు ఎక్కువగా ఉండటం. రెండోది, ఇటుక ముఖాన ప్రస్తుత అతుకు సున్నం కింద మరో పాత సున్నపు పొర అంటుకుని ఉండటం. దక్షిణపు గోడ కింది భాగంలో ఈ రెండూ కనబడలేదు. అదే గోడ పై భాగంలో, దాదాపు మనిషి ఎత్తు దాటాక, రెండూ స్పష్టంగా కనిపించాయి. కాబట్టి కింది భాగం తొలినాటి కట్టుబడి, పై భాగం కూలిన గోడ ఇటుకతోనే తరువాత ఎత్తు పెంచినది అని నిర్ధారించుకున్నాము.

పోల్చడానికి తేదీ తెలిసిన కట్టుబడి కావాలి. భీమునిపట్నంలో ఆ సదుపాయం సమాధుల రూపంలో ఉంది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల తేదీలు చెక్కిన సమాధుల్లో కొన్నిటి పైపూత రాలిన చోట లోపలి ఇటుక, సున్నం బయటికే కనిపిస్తాయి. వాటిని ముట్టుకోకుండా, ఫోటోల ఆధారంగానే ఇటుక మందం, అతుకుల వెడల్పు, సున్నంలోని గుల్ల ముక్కల పరిమాణం గమనించాము. సమాధులకు తరువాతి కాలంలో మరమ్మతులు జరిగి ఉంటాయి కాబట్టి, రాతి ఫలకం అంచును కలుపుకుని ఉన్న తొలి కట్టుబడినే లెక్కలోకి తీసుకున్నాము. దక్షిణపు గోడ కింది భాగం ఆ కట్టుబడితో బాగా కలిసింది, మేడ గోడలు కలవలేదు.

సున్నం పరీక్ష కూడా అదే చెప్పింది. రాలిన పెచ్చులనే నమూనాలుగా తీసుకుని ముందు భూతద్దంతో చూశాము. గోడ కింది భాగపు సున్నంలో సరిగా కాలని ఆలిచిప్పల ముక్కలు కంటికే కనిపిస్తున్నాయి, అంటే అది గుల్ల సున్నం. ఆ తరువాత పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సున్నాన్ని కరిగించి, మిగిలిన ఇసుకను, ఇటుక పొడిని కడిగి ఆరబెట్టి జల్లించాము. పాత గోడలో ఇటుక పొడి ముతకగా, ఎక్కువగా ఉంది. మేడ గోడల్లో తక్కువ, మెత్తన, ఇసుక గుళికలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఆమ్లంలో గుల్ల ముక్కలు కూడా కరిగిపోతాయి కాబట్టి భూతద్దపు పరిశీలన ముందు జరగాలి, ఈ వరుస తప్పితే నమూనా వృథా అవుతుంది.

కర్ర, ఇనుము, పెంకు

మేడ కప్పు మద్రాసు టెర్రసు పద్ధతిలో వేసిన మిద్దె. టేకు దూలాల మీద దంతెలు (సన్నని అడ్డకర్రలు) పరిచి, వాటి మీద సన్న ఇటుకలను అంచుల మీద నిలబెట్టి ఐమూలగా సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టి, ఆపైన పల్చటి బిళ్ళలు పరుస్తారు. దూలాల తీరు, రేవుకు రంగూన్‌తో ఉన్న సంబంధం కలిపి చూస్తే అవి బర్మా టేకు అనుకోవడం సహజం. కాని కర్ర కూడా ఇటుకలాగే ఇల్లు మారుతుంది కాబట్టి, ఇప్పటి అమరికకు సంబంధం లేని పాత తొలులు (మరో కర్ర కొస దూర్చడానికి తొలిచిన గాళ్ళు), చీల రంధ్రాలు ఉన్నాయేమో ప్రతి దూలానికీ వెతికాము. అలాంటివి లేవు. దూలాలు ఈ మేడ కోసమే చెక్కినవి.

ఒక గదిలో మాత్రం రెండు దూలాల స్థానంలో ఇనుప గర్డర్లు ఉన్నాయి, వాటి మీద డార్మన్ లాంగ్ ముద్ర చదవగలిగేంత స్పష్టంగా ఉంది. ఆ సంస్థ ఇంగ్లాండులో 1870లలో మొదలైంది కాబట్టి ఆ గదికి మరమ్మతు అంతకు తరువాతే జరిగి ఉండాలి. ముందు వసారా మీద మంగుళూరు పెంకులున్నాయి. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారం పెట్టినది 1865లో. ఇలాంటి ముద్రలు "దీనికి ముందు కాదు" అన్న హద్దును మాత్రమే ఇస్తాయి, అదీ ఆ పెంకుకు, ఆ గర్డరుకు. పెంకు ముద్రను చూసి ఇంటి వయసు రాసిన నివేదికలు నేను చాలా చూశాను. పెంకులు ప్రతి పెద్ద తుపాను తరువాతా మారతాయన్న సంగతి వాటిలో కనబడదు. ఈ ఇంట్లోనూ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వసారా కప్పులో సగం ఎత్తుకుపోగా, ఆ భాగంలో సిమెంటు రేకులు వేశారు.

తేల్చినది

ఇవన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ఇంటి చరిత్ర మూడు దశలుగా విడింది. దక్షిణపు గోడ కింది భాగం, దానికి ఆనుకుని నేలలో కనిపించే పునాది వరుస 1795కు ముందరివి. గోడకు ఒక్క కిటికీ కూడా లేకపోవడం, దాని మందం, పొరుగు దస్తావేజులోని మాట కలిపి చూస్తే అది నివాసం గోడ కాదు, సరుకు గిడ్డంగి గోడ. మేడ పందొమ్మిదో శతాబ్దపు వర్తకుల కట్టడం. కట్టినవారు కూలిన గిడ్డంగి గోడను హద్దుగా నిలుపుకుని, దాని ఇటుకతోనే ఎత్తు పెంచి, మిగిలిన మూడు వైపులా కొత్త గోడలు లేపారు. మూడో దశ ఇనుప గర్డర్లు, పెంకులు, సిమెంటు పూతలు, రేకులు.

ఈ ఫలితం ఇంటివారికి మొదట నిరాశ కలిగించింది. గుమ్మం పక్కన డచ్ బంగళా అన్న ఫలకం పెట్టాలన్నది వారి కోరిక. డచ్ వారి గిడ్డంగి గోడ మీద ఇంగ్లీషు వారి కాలపు మేడ నిలబడిన ఇల్లు ఒకే దేశస్థుల బంగళా కంటే ఈ ఊరి చరిత్రను ఎక్కువగా చెబుతుందని నేను నమ్ముతాను, వారికీ అదే చెప్పాను. ఇంటి పెద్దావిడ దక్షిణపు గోడ దగ్గర చాలాసేపు నిలబడి చూసి, "అయితే బాబూ, మేము సామాన్లు పడేసే ఈ వెనక గోడేనా అన్నిటికంటే పాతది?" అని అడిగారు. ఫలకం మీద రెండు దశలనూ విడివిడిగా రాయడానికి కుటుంబం అంగీకరించింది.

గోడలు ఎందుకు పాడయ్యాయి

అన్నిటికంటే పాత గోడే అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది, అయితే కారణం దాని వయసు కాదు. ఎప్పుడో రాలిన పూత స్థానంలో దాని కింది భాగానికి, లోపలి వైపు నడుం ఎత్తు వరకు సిమెంటు పూశారు. సముద్రపు ఊరిలో నేలలో ఉన్న తేమతోపాటు ఉప్పు కూడా ఇటుక సన్న రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది. సున్నపు పూత ఆ తేమను ఎక్కడికక్కడ ఆరనిస్తుంది, ఉప్పు పూతలోనే పేరుకుంటుంది, కొన్నేళ్ళకు పూత రాలితే మళ్ళీ పూసుకుంటారు. గోడను కాపాడడానికి పూత అరగడమే ఆ పద్ధతిలోని కిటుకు. సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. తేమ సిమెంటు అంచు దాటేదాకా పైకి పాకి, అక్కడ ఆరి, ఇటుకలోనే ఉప్పును వదిలేస్తుంది.

మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే కరుగుతుంది, తగ్గితే మళ్ళీ స్ఫటికమవుతుంది. తీరంలో గాలి తేమ ఆ గీతను మాటిమాటికీ, కొన్ని కాలాల్లో ఒకే రోజులో అటూ ఇటూ దాటుతుంది. స్ఫటికం పెరిగిన ప్రతిసారీ రంధ్రం గోడలను ఒత్తుతుంది. పల్చని, తక్కువ వేడిలో కాలిన పాత ఇటుక ఆ ఒత్తిడికి పొడిగా రాలుతుంది. దక్షిణపు గోడలో సిమెంటు అంచుకు సరిగ్గా పైన ఒక జానెడు పట్టీలో ఇటుకలు వేలెడు లోతున తినిపోయి ఉండటానికి కారణం ఇదే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు, అంటే ఇవాళ మనం వాడే మామూలు సిమెంటుకు, ఇంగ్లాండులో పేటెంటు వచ్చినది 1824లో, డచ్ వారు ఈ ఊరిని వదులుకున్న ఒప్పందం జరిగిన ఏడే. గోడ కట్టినవారికి ఆ పదార్థమే తెలియదు, దానిని తట్టుకునేలా గోడ కట్టలేదు.

మరమ్మతు

పాత సమాధుల వంటి కేంద్ర రక్షిత కట్టడం ఊళ్ళో ఉన్నప్పుడు మరమ్మతుకు ముందు దూరం కొలుచుకోవాలి. 2010లో సవరించిన పురాతన కట్టడాల రక్షణ చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, మరమ్మతుకు కూడా అనుమతి అవసరం. ఈ ఇల్లు ఆ పరిధికి బయట ఉందని నిర్ధారించుకున్నాకే పని మొదలైంది.

దక్షిణపు గోడ నుంచి సిమెంటును చిన్న ఉలితో, సుత్తితో చేతిపనిగానే తీశారు. యంత్రం వాడితే ఇటుక ముఖం కూడా ఊడివస్తుంది. తీశాక వెంటనే పూత పూయలేదు. కడిగిన బంకమట్టి, ఇసుక కలిపిన తడి ముద్దను గోడకు పట్టించి, అది ఆరి ఉప్పును లాక్కున్నాక తీసివేసి, మళ్ళీ పట్టించారు. తీసిన మట్టిని శుద్ధమైన నీటిలో కలిపి సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినప్పుడు ఉప్పు వల్ల వచ్చే తెల్లని అవక్షేపం ఎంత చిక్కగా ఉందో చూసి, అది బాగా పలచబడేదాకా ఆ పని కొనసాగింది. తొందరపెట్టే యజమానులకు ఈ దశను వివరించడం కష్టమైన పని, గోడను ఖాళీగా వదిలేశారని అనిపిస్తుంది. నిజానికి మరమ్మతంతటిలో గోడకు ఎక్కువ మేలు చేసినది ఈ దశే.

కొత్త పూతకు వారాల తరబడి నానబెట్టిన సున్నం ఒక పాలు, కడిగిన నదీ ఇసుక, ఇటుక పొడి కలిపి మూడు పాళ్ళు వాడాము. గుల్ల సున్నం శుద్ధమైనది కాబట్టి తేమలో తనంతట తాను గట్టిపడదు, తక్కువ వేడిలో కాలిన ఇటుక పొడి దానితో కలిసి ఆ పని చేస్తుంది. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు వాడాలా వద్దా అన్నది తాపీ మేస్త్రీలతో మాట్లాడి నిర్ణయించాము. బయటి పూతకు వాడాము, ఉప్పు ఇంకా ఊరే కింది భాగానికి వాడలేదు, ఎందుకంటే అక్కడ పూత మెత్తగా ఉండి అరగడమే మాకు కావలసినది. ఆ భాగపు పూతకు రంగు కూడా వెల్ల మాత్రమే. ప్లాస్టిక్ రంగులు సిమెంటు చేసిన పనినే మళ్ళీ చేస్తాయి.

గోడ పై భాగంలోని, తరువాతి కాలపు ఎత్తును అలాగే ఉంచాము. తిరిగి వాడిన ఇటుకల అతుకు కనిపించేలా ఒక చోట చిన్న మేర పూత పూయకుండా వదిలాము, రేపు ఇంకెవరైనా మా నిర్ధారణను సరిచూసుకోవడానికి. గర్డర్ల తుప్పును గీకి రక్షణ పూత వేశాము. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న సున్నపు కాంక్రీటును చీల్చుతుంది కాబట్టి, గోడలో కూర్చున్న వాటి కొసలను తెరిచి చూశాకే ఉంచాలని నిర్ణయించాము. వసారా రేకుల స్థానంలో మళ్ళీ పెంకులు వచ్చాయి, తుపాను గాలికి లేవకుండా చూరు వరుసలను తీగతో కట్టించాము.

ఇంటివారికి ఇచ్చిన నిర్వహణ పత్రంలో ముఖ్యమైనవి మూడు. వానాకాలానికి ముందు మిద్దె తూములు శుభ్రం చేయించాలి. దక్షిణపు గోడ మొదట్లో మట్టి, సామాన్లు పేరుకోనివ్వకూడదు. కింది భాగపు పూత రాలడం మొదలైనప్పుడు దానిని లోపంగా చూడకుండా, రాలిన మేర గీకి అదే పాళ్ళ సున్నంతో మళ్ళీ పూయించాలి. అందుకు కావలసిన ఇటుక పొడిని జల్లించి పీపాలో నిలువ ఉంచాము, పాళ్ళు రాసిన కాగితం దస్తావేజుల కట్టలోనే పెట్టించాము.